పోళానాటి నూరు గుర్రాలు

మా పక్కింటి కాశీబాయి మా ఆవిడ గంగుబాయి చెవిలో వేసిన మాట ఇది. ఆమెకు బస్సులో ఎవరో చెప్పారట. ఆ ఎవరికో, కళ్ళారా చూసినవాళ్ళు చెప్పారట. వారం వారం నేను నాందేడ్ పోతున్నది విత్తనాల కోసం కాదట. అక్కడ ఇంకో కాపురం పెట్టానట. గల్లీ చివర రేకుల ఇల్లట. పోయేటప్పుడు తెల్లచొక్కా, వచ్చేటప్పుడు నల్లచొక్కా. మధ్యలో ఏం జరుగుతుందో ఆ పాండురంగడికే తెలియాలట.

గడప దాటగానే విచారణ మొదలైంది.

"ఎవరామె?"

"ఆమె కాదే, ఇంజను."

"ఏందీ?"

"జీపు ఇంజనుకు బలం కట్టిపిస్తున్న. పోశన్న షెడ్డుల."

గంగుబాయి నా మొహంలోకి చూసింది. ఆ చూపులో ఊరటేమీ లేదు. "ఆడదైతే నయముండె. రొట్టెలన్న చేస్తుండె," అని లోపలికి వెళ్ళిపోయింది.

జీపు సంగతి మీకు చెప్పాలి. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, మిలిటరీవాళ్ళు వేలం వేసి వదిలించుకున్న జీపును నేను తెచ్చుకున్నాను. దానికోసం మా ఎడ్ల జతను అమ్మేశాను. మా ఊరు మర్ఖేల్‌లో జీపున్న రైతును నేనొక్కణ్ణే. ఎడ్లు లేని రైతును కూడా నేనొక్కణ్ణే. మొదటి ముక్క నేను చెప్పుకుని తిరిగేవాణ్ణి, రెండో ముక్క గంగుబాయి.

ఎండలున్నంత కాలం జీపు బాగానే నడిచింది. నల్లరేగడి నానిందంటే మాత్రం, బాలింతలా ఎక్కడిదక్కడే కూర్చునేది. కాశీబాయి మొగుడు బాలన్న ఎడ్లబండి మీద పోతూ ఆగి, "ఏం సాబ్, తాడు తీయాల్నా?" అనేవాడు. తాడు ఎప్పుడూ అతని బండిలోనే ఉండేది. నాకు మండేది అక్కడే.

అందుకే రేసు పోశన్నను పట్టుకున్నాను. నాందేడ్‌లో మెకానిక్కు. రేసు అనేదాన్ని అతను జన్మలో చూడలేదు గానీ, బండికి ఏ జబ్బు చేసినా "రేసియ్యి సార్" అని యాక్సిలరేటరు తొక్కమనేవాడు, అందుకని ఆ పేరు.

"బురదల దిగవడుతున్నదంటే బలం తక్కువున్నట్టు," అన్నాడు పోశన్న. "హార్స్‌పవర్ పెంచుదాం. సిలిండర్లు బోరు కొట్టి పెద్ద పిస్టన్లు ఏస్త. వాటి మీది హెడ్డు మూతను మిషన్ మీద సన్నగ చెక్కిపిస్త. లోపల జాగ తగ్గుతది, పెట్రోలు ఒత్తుకొని ఒత్తుకొని పేల్తది."

"పంపుల పోసే పెట్రోలు మీదనే నడవాలె పోశన్నా. విమానాల పెట్రోలు నేనేడికెళ్లి తేవాలె?"

"దేగ్లూరు పంపుదే పొయ్యి సార్. కొండెక్కుతది!"

మా ఊళ్ళో కొండ లేదు. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పోశన్న ఉత్సాహంలో హెడ్డు మరీ ఎక్కువ చెక్కించాడు. దేగ్లూరు పెట్రోలు తాగగానే ఇంజను, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు టకటకలాడింది. మళ్ళీ విప్పాడు. హెడ్డు కింద మందంగా రాగి ప్యాకింగు వేస్తే కుదురుతుందన్నాడు. అప్పటికి వానలు పట్టి అతని షెడ్డు కురవడం మొదలైంది. దాంతో ఇంజనూ పోశన్నా కలిసి మా ఇంటికే కాపురానికి వచ్చారు.

పిస్టన్ రింగులు రొట్టెల బుట్టలో, కార్బురేటరు తొక్కు జాడీ పక్కన. రాగి ప్యాకింగును ఎర్రగా కాలిస్తే మెత్తబడుతుందని, పొయ్యి మీది పెనం దించి దాన్ని ఎక్కించాం. ఆ పూట రొట్టె లేదు. మర్నాడు రొట్టె ఉంది గానీ, అది కిరోసిన్ వాసన వేసింది. మేమిద్దరం వాల్వులకు గరుకు మందు రాసి గిర్రుగిర్రున తిప్పి అరగదీస్తుంటే గంగుబాయి గుమ్మంలో నిలబడి చూసింది.

"పొద్దటిసంది నూరుతున్నరు. ఒక్క చెట్నీ అయితలేదు."

"నవ్వు, నవ్వు. నూరు గుర్రాల బలం తయారైతున్నది ఇంట్ల."

"నూరు గుర్రాలున్నయి. పోళాకు దండం పెడదామంటె రెండెడ్లు లేవు."

మా దిక్కు శ్రావణ అమావాస్య పోళా. ఆనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఝూలు గుడ్డ కప్పి, బొబ్బట్లు, అదే మా పోలెలు, తినిపిస్తాం. ఆ రోజు వాటి మెడమీద కాడి పెట్టడం మహాపాపం. కిందటి పోళాకు గంగుబాయి బాలన్న ఎడ్లకు హారతిచ్చి వచ్చి, ఇంట్లో ముద్ద ముట్టలేదు.

"ఒక్క మాట," అంది గుమ్మంలోంచే. "ఈ వానల్ల ఏనాడన్న సరే, నన్ను వాగు దాటిపిచ్చి మా అమ్మోళ్ల ఊరికి తోల్కపో. దాటినవా, జీపు నీది, మల్ల నేను నోరెత్త. దిగవడ్డవా, జీపమ్మి ఎడ్లు తేవాలె."

ఇక్కడ నా బీయే బుర్ర పనిచేసింది. పోళానాడు బండ్లు తిరగవు. తాడేసుకుని బాలన్న ఎదురుపడడు. ఊరంతా ఎడ్ల వెనక ఉంటుంది, నన్ను చూసి నవ్వే తీరిక ఎవరికి?

"పోళానాడే పోదాం," అన్నాను.

"మంచిది," అంది గంగుబాయి.

పెళ్ళయిననాటి నుంచి ఆమె నా మాటకు అంత తొందరగా ఒప్పుకున్నది లేదు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

పోళా పొద్దున జీపు స్టార్టు చేస్తే గోడమీది క్యాలెండరు ఊడిపడింది. పోలెల బుట్ట ఒళ్ళో పెట్టుకుని గంగుబాయి ముందు, గర్వం పట్టలేక పోశన్న వెనక. పొలాల వెంట జీపు నిజంగా ఎగిరింది. వాగు మలుపు తిరిగాక బ్రేకు తొక్కాను. రైతుబిడ్డనై ఉండి ఎట్లా మరిచానో గానీ, పోళానాడు ఎడ్లను కడిగేది ఎక్కడ? వాగులోనే కదా. మర్ఖేల్ ఎడ్లన్నీ అక్కడే, మర్ఖేల్ మనుషులంతా అక్కడే.

వెనక్కు తిప్పితే పరువు పోతుంది. దింపాను. నీళ్ళు దాటాం. అవతలి ఒడ్డు రేగడిలో చక్రాలు జారాయి.

"రేసియ్యి సార్!"

ఇచ్చాను. ఇంజను బలంలో లోపమేమీ లేదు. చిక్కల్లా ఆ బలంతోనే. నాలుగు చక్రాలూ బావి తవ్వే కూలీల్లా పని మొదలుపెట్టాయి.

"ఇంకింత రేసియ్యి!"

జీపు ముందుకు పోలేదు, కిందికి పోయింది. పొట్ట మట్టికి ఆనాక ఇంజను ఆగింది. ఎడ్లు సైతం తలలెత్తి చూశాయి.

పోశన్న దిగి చుట్టూ తిరిగి వచ్చాడు. "ఇంజన్ల తప్పేం లేదు సార్. తప్పంత భూమిల ఉన్నది."

జన్మలో మొదటిసారి నేనే అడిగాను. "బాలన్నా, తాడున్నదా?"

"తాడున్నది సాబ్. ఎడ్లున్నయి. పోళా కూడ ఉన్నది," అన్నాడు బాలన్న, ఎద్దు వీపు తోముతూ. "ఇయ్యాల కాడి పెడితె నా వంశం నిలుస్తదా?"

గంగుబాయి బుట్ట నెత్తిన పెట్టుకుని, చీర తడవకుండా బండరాయి మీదికి దిగింది. "ఓడినవా?"

"ఓడిన."

"జీపు?"

"అమ్ముత. ఎడ్లు తెస్త. ముందు బయటవడే దారి చెప్పు. రేపటిదాక గీడనే కూసోవాల్నా?"

"ఎందుకు? మా తమ్ముడొస్తలేడా?"

ఒడ్డు మీద నా బామ్మర్ది మారోతి కనిపించాడు. భుజాన కాడి, చేతిలో మోకు, ముందు కొండంత దున్నపోతు. పోళా ఎడ్లకే గానీ దున్నపోతులకు లేదు. అక్క మొన్ననే బస్సు కండక్టరుతో కబురు పంపిందట, బావ ఫలానా చోట దిగబడతాడని. చోటు కూడా సరిగ్గా చెప్పిందట.

మారోతి దున్నపోతును జీపు ముందుకు తెచ్చి, దాని మెడమీదికి కాడి ఒక కొస ఎత్తాడు. రెండో కొస బురదలో ఆనింది. ఇవతలి ఒడ్డున ఊరంతా పని మాని చూస్తోంది.

"మారోతీ, ఇంకోటేదిరా?" అన్నాను.

"అక్క ఒక్కదాన్నే తోల్కరమ్మన్నది బావా. రెండోది జీపుల కూసోని ఉంటదన్నది."