కాఫలే చెరువు నీటిబల్లులు

సంజోగ్ థులుంగ్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. గువాహటి నుంచి డార్జిలింగ్ కొండలకు వచ్చిన జంతుశాస్త్రవేత్త హజారికా మేడమ్‌కు ముందు నీటిబల్లులు లేని రెండు చెరువులు చూపించాలి. ఆ తరువాత కాఫలే చెరువు చూపించాలి. వీపు మీద నారింజరంగు బొడిపెలున్న ఈ బల్లి ఆ ఒక్క చెరువులోనే ఉంటుందనీ, ఇది కొత్త జాతేననీ ఆమె ఒప్పుకుంటే అతను ఏళ్ళ తరబడి వీటి వెంట తిరిగి చేసిన చాకిరీ గట్టెక్కుతుంది.

మొదటిది ఉత్తిసే చెరువు. "ఇక్కడ మందుకు కూడా ఒక్కటి దొరకదు మేడమ్" అన్నాడు. అంటుండగానే నాచులోంచి ఒక బల్లి తల ఎత్తింది. దాని వెనకే ఇంకో నాలుగు.

"దొరకదన్నావే?" అంది మేడమ్.

సంజోగ్ గట్టు మీద కూర్చున్న టంకబహదూర్ ముసలాయన వైపు తిరిగాడు. "బాజే, ఇవి ఎప్పట్నుంచి ఉన్నాయి?"

"మా తాతల నాటివి బాబూ. నువ్వే సరిగ్గా చూసుండవు."

రెండోది సింగ్దారా చెరువు. అక్కడ ఆ ఊరి ఇంద్రమాయ బకెట్ వంచుతోంది.

"ఏం చేస్తున్నావు దీదీ?"

"చెరువులో నీళ్ళు తగ్గితేనూ, పోస్తున్నా."

ఆ నీళ్ళతో పాటు ఒక బల్లి జారి బుడుంగున మునిగింది. సంజోగ్ తల పట్టుకున్నాడు. "ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"కాఫలే నుంచి. బల్లులున్న ఊరికి తారురోడ్డు వేస్తారని సంతలో చెప్పింది నువ్వే కదా భాయ్! వాళ్ళకేనా రోడ్డు? గతుకుల్లో విరిగే మావి నడుములు కావా? ఉత్తిసేవాళ్ళు తెల్లారకముందే తట్టలకెత్తుకుపోయారు. మేమే ఆలస్యం."

"వేస్తారేమో అన్నాను దీదీ!"

"ఆ 'ఏమో' నాకు వినపడలేదులే."

సంజోగ్ మేడమ్‌ను దాదాపు పరుగెత్తించుకుంటూ కాఫలే చేరాడు. చెరువంతా వెతికారు. ఒక్క బల్లి లేదు.

"ఇరుగుపొరుగు వాళ్ళు నోరు తెరిచి అడిగారు. ఇచ్చాం. లేదనలేం కదా!" అన్నాడు ఊరిపెద్ద హర్కబీర్.

"అన్నీ ఇచ్చేయాలా దాజూ?"

"ఒకరికిచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే మాటపడాలి."

సంజోగ్‌కు ఏడుపొక్కటే తక్కువ. మేడమ్ మాత్రం సింగ్దారాలో సీసాలో పట్టుకున్న బల్లిని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. "నీ మాట నిజమేనయ్యా. ఇది కొత్త జాతే. కానీ ఎక్కడుంటుందని రాయను? అన్నిటినీ వెనక్కి తెప్పించు, అప్పుడు పిలువు."

సంజోగ్ వల తీసుకుని ఊరూరా తిరిగాడు. ఎవరూ చెరువు దరిదాపులకు రానివ్వలేదు.

ఆ వారమే కాఫలే పెద్దలు అటవీశాఖకు అర్జీ పెట్టుకున్నారు: చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఉన్న నీటిబల్లులు తమకు మాత్రమే లేవనీ, ఇది ఒట్టి పక్షపాతమనీ.