తూటా స్వయంవరము అను చొక్కాచెంగు విజయము

అలెఘెనీ పర్వతపంక్తుల ఉత్తరసానువులందు, పెన్సిల్వేనియా సీమలోని పాటర్ కౌంటీ యను దట్టారణ్యభాగమున, నవంబరు మాసము కొనయూపిరితో నుండగా, గురువారపు కృతజ్ఞతా పండుగకు బలియైన టర్కీకోడి శుక్రవారము నాటికి ఎముకల చారుగా రూపాంతరము చెందిన పుణ్యఘడియలో, మరునాటి తొలివేటకై లోకమంతయు తుపాకులు తుడుచుకొనుచుండగా, రణధీరుడును, నారింజవర్ణ శిరస్త్రాణధారియు, గతసంవత్సర పరాజితుడును నగు హార్లన్ బికెల్, ఒక తలుపు సరిగా మూతపడని తన పికప్పు రథము నుండి అవతరించి, వెర్నా అను వృద్ధవనిత ఏలు ఇనుపసామాన్ల కొట్టు గుమ్మమున కుడికాలు మోపెను.

మంచుకును, తుపాకినూనెకును, తడిసిన ఉన్నిమేజోళ్లకును అధిదేవతవగు ఓ తల్లీ! ఇతని కథ చెప్పుటకు నాకు ఊపిరి నిమ్ము. గొప్పవారి గాథలు పాడుటకు గొప్పవారే జీతగాండ్రను పెట్టుకొనియున్నారు. ఇతనికెవరున్నారు?

పదునారవయేట బడి వదలి రంపపు మిల్లులో చేరి, పలకలు మోసి మోసి ఎడమభుజము క్రుంగినవాడు హార్లన్. తన బ్రతుకులో తాను ఎంచుకొన్నది ఏదియు లేదు. మిల్లే అతనిని పిలిచెను. మిల్లే ఒకనాడు తాళము వేసికొని పొమ్మనెను. అతనికి మిగిలిన స్థిరాస్తి యొక్కటే: కొండకొమ్మున, లారెల్ పొదల నడుమ, తండ్రి నలువదియేండ్లు కూర్చుండి అరుగదీసిన బండ. తండ్రి అనంతరము, ఏటేట అచట గూడి వేటాడు కుటీరమువారు ఆ స్థానమును కొడుకునకు విడిచిరి. దుప్పులు నీటికి దిగు దారి దాని యెదుటనే గలదు.

అట్టి బండ నేడు చేజారు స్థితిలో నున్నది. ఏలయన ఆ కుటీరమున తాతలనాటి ధర్మమొకటి కలదు: దుప్పిపై కాల్చి గురి తప్పినవాని చొక్కా వెనుకచెంగును గొఱ్ఱెకత్తెరతో కత్తిరించి, గోడకు మేకుకొట్టి వ్రేలాడదీయుదురు. వరుసగా రెండేండ్లు చెంగు పోగొట్టుకొన్నవాడు తన స్థానమును మరియొకరికి విడువవలెను. పోయినయేడు హార్లన్ సన్నపాటి వేగవంతపు తూటాతో ముప్పది గజముల దూరమున నిలిచిన కొమ్ములరాయుని కాల్చి, ఎదుటి కొండకు గాయము చేసెను. లారెల్ కొమ్మ తగిలి తూటా ప్రక్కకు మరలెనని అతడు ప్రమాణము చేసెను. కత్తెర ప్రమాణములను వినదు. ఎఱ్ఱగళ్ల చెంగు గోడకెక్కెను.

కావున ఈ యేడు అతడు కొమ్మలకు జంకని తూటాను వరింపనెంచెను. ఎలుకను కొట్టునది కాదు, ఏనుగును కూల్చునది కాదు. గొట్టపు వెడల్పున నడిమిబోరుది, బొద్దుది, నింపాదిగా పోవునది, దారిలో ఎవరు అడ్డువచ్చినను పలుకరింపక సాగునది. తండ్రి నాటి మీట తుపాకి సరిగా అట్టి ముప్పదియైదు బోరుదే. దానిని అటకపైనుండి దింపి, నూనెరాసి, తూటాకై వచ్చియుండెను.

"ఏరా హార్లన్, ఈ ఏడు ఏ కొమ్మని కాలుస్తావు?" అని వెర్నా కళ్లజోడు పైనుంచి చూచి అడిగెను.

"నవ్వకు పిన్నీ. కొమ్మ అడ్డమొచ్చిన మాట నిజం. ఆ సన్నతూటా ఊరికే పక్కకి పోయింది."

"అవునులే. పాపం తూటాది దారి తప్పింది గానీ నువ్వు తప్పలేదు. ఏం కావాలి?"

"ముప్పై అయిదు."

వెర్నా నిచ్చెన వేసికొని, పైయరను తడవి, దుమ్ముదులిపి, రెండు పెట్టెలను గాజుబల్లపై ఉంచెను. ఒక్కటి యుండునని వచ్చినవానికి ఇద్దరు ఎదురైరి! ఒకటి రెండువందల గ్రెయిన్ల బరువుది: గుండ్రని ముక్కు, లావుపాటి మెడ, విందుభోజనమారగించిన మేనమామ వలె నిలిచియున్నది. రెండవది నూటయేబది గ్రెయిన్లది: కొంచెము కోసుముక్కు, కొంచెము చురుకు, దూరము పోవుదునను గర్వము కలది.

అంతట ఆ వీరుడు తూటానొకదానిని కుడిచేతను, ఒకదానిని ఎడమచేతను ధరించి, మనమున నిట్లు గర్జించెను: "ఓ గుండుముక్కు మహాబలీ! పొదలను చీల్చుకొని పోవుటలో నీకు సాటిలేదు. కాని లోయ యావలి యొడ్డున దుప్పి నిలిచినచో నీవు దారిలోనే తలవంచెదవేమో! ఓ కోసుముక్కు చిరంజీవీ! ఆవలియొడ్డు నీకు పెరటి దూరము. కాని ఆకు కదలిన ఉలికిపడు వంశమున నీవును పుట్టలేదని నాకెవడు హామీ ఇచ్చును? నా తండ్రి బండ మీ యిరువురి ముక్కుల మీద ఆధారపడియున్నది!"

పైకి మాత్రము "ఊఁ" అనెను.

గోడగడియారపు ముల్లు సగము చుట్టు తిరిగెను. మేకులు కొనవచ్చినవాడు మేకులు కొనుక్కొని పోయెను. అప్పుడు తలుపు గంట మ్రోగి, కొత్త బూట్లతో, కొత్త టోపీతో, హార్లన్ భార్యకు తమ్ముడగు డ్వైట్ ప్రవేశించెను. ఆ బండపై కన్నువేసినవాడు ఇతడే.

"ఏంటి బావా, పెళ్లిచూపులా? మా అక్కని కూడా ఇంతసేపు చూసుండవు నువ్వు!"

"అందుకేరా ఈసారి జాగ్రత్తపడుతున్నా."

వెర్నా దగ్గువచ్చినట్లు మొగము త్రిప్పుకొనెను.

"ఇవన్నీ మన నాన్నల కాలం సరుకు బావా. నా మేగ్నం తుపాకీ చూడు, అవతలి కొండ మీదున్నా పడుకుంటుంది."

"ఏది, దుప్పా, తుపాకీ తన్నిన నీ భుజమా?"

"నవ్వు, నవ్వు. ఆ బండ మీద నాచు కొంచెం గీకి పెట్టు. వచ్చే ఏడు నేను కూర్చునేది. మెత్తటి దిండు కూడా తెచ్చుకున్నా."

దిండు! తండ్రి చలిలో కట్టెవలె బిగిసి కూర్చుండిన రాతిపై దిండు! హార్లన్ కనుబొమలు ముడివడెను. ముక్కుపుటములదరెను. ఇక ఈ క్షణముననే నిర్ణయము ప్రకటించి శత్రువు నోరు మూయింతునని నిశ్చయించి, బల్లపై చేయి చరచి, కొట్టు మారుమ్రోగ పలికెను:

"రెండూ ఇయ్యి పిన్నీ!"

శనివారపు ప్రభాతము. ఆకులు రాలిన వనమంతయు నీలపుపొగవలె నుండగా, హార్లన్ బికెల్ తండ్రి బండపై, మేనమామ తూటాలను కుడిజేబునను, చిరంజీవి తూటాలను ఎడమజేబునను ధరించి ఆసీనుడై, పొదలు దట్టముగానుండుటచే మేనమామలను తుపాకిలో నింపెను. తూరుపు తెల్లబడెను. లోయ యావలి యొడ్డు కానవచ్చెను. అమ్మో, ఎంత దూరము! కటకటమని మీట నాడించి మేనమామలను మంచుమీదికి దింపి, ఏరి, తుడిచి, కుడిజేబున వేసి, చిరంజీవులను నింపెను. గాలి మారెను, లారెల్ కొమ్మలు దగ్గరకు వంగినట్లు తోచెను. పోయినయేటి కొమ్మయు వానిలో నుండి తొంగిచూచెను. మరల కటకట. చిరంజీవులు మంచుపాలైరి. ప్రక్కకొమ్మమీది ఉడుత యొకటి ఈ రాకపోకలను కడు శ్రద్ధతో తిలకించెను.

తుపాకి కడుపు ఖాళీగానున్న ఆ సంధికాలముననే వాడు వచ్చెను.

ఎనిమిది కొనల కొమ్ముల కిరీటము, ధూపమువలె నూర్పులు, మెడక్రింద తెల్లని కంఠాభరణము. పొదలు లేవు, దూరము లేదు. మేనమామకును చిరంజీవికిని కూడ అనువైన ఇరువది గజములలో, ప్రక్కటెముకలు లెక్కపెట్టుకొనుమన్నట్లు అడ్డముగా నిలిచెను. హార్లన్ కుడిచేత నొక తూటా, ఎడమచేత నొక తూటా. ఒడిలో తుపాకి. ఏదైనను పడియుండెడివాడు, ఏదో యొకటి దూర్చినచో చాలును. అతడు కుడిచేతిని చూచెను. ఎడమచేతిని చూచెను. దుప్పియు మర్యాదగా రెండుచేతులను చూచెను. తరువాత, కొట్టులో విసిగిన బేరగాని వలె, తోక తెల్లగా ఎత్తి, కొండదిగి, డ్వైట్ కాపున్న లోయవైపు సాగిపోయెను.

అతడు కన్నీరు పెట్టుకొనెనని కొందరందురు. చలికి నీరు కారెనని అతడనెను.

అంతలో లోయనుండి పిడుగుపాటు! మరియొకటి! కొండలు ప్రతిధ్వనించి కాకులు లేచిన పిమ్మట మూడవది. ఆపై డ్వైట్ గొంతున, ఇచట వ్రాయదగని యొక మాట.

సాయంకాలము కుటీరమున న్యాయసభ తీరెను. గోడనిండ వెలిసిన చెంగులు. వానిలో హార్లన్ తండ్రిదొకటి, హార్లన్‌దొకటి, ప్రక్కప్రక్కన. కుటీరమున పెద్దవాడగు ఓర్విల్, చెవులు సరిగా వినరానివాడు, కత్తెర ఒడిలో పెట్టుకొని ధర్మాసనమున నుండెను. ముందుగా డ్వైట్ పిలువబడెను. అతని తూటాల పెట్టెలో మూడు గుంటలు ఖాళీ. చొక్కా కొత్తది, భార్య పండుగకని కొన్నది.

"తుపాకీ మీది దుర్భిణికి దెబ్బ తగిలింది బాబాయ్. పికప్‌లో కుదుపుకి..."

"ఏంటీ?"

"దుర్భిణీ!"

"అది చొక్కా వేసుకోదు గదా. తిరుగు అటు."

కత్తెర కరకరలాడెను. ఆపై ఓర్విల్ హార్లన్ వైపు చూచెను. పదితలలు బల్లపైకి వంగెను. హార్లన్ జేబులలోని తూటాలను మరల సర్దిన తన రెండు పెట్టెలను మూతతీసి ఉంచెను. ఓర్విల్ వణకు వ్రేలితో ఒక్కొక్క గుంట తడవెను. ఒక పెట్టె నిండుగా నుండెను. రెండవదియు నిండుగా నుండెను. తుపాకి గొట్టమునకు ముక్కు ఆనించి వాసన చూచెను. నూనె వాసన తప్ప మరేమియు లేదు.

"దుప్పి నీ బండ ముందు నుంచే పోయింది బావా! అడుగులు చూశాను నేను!" అని డ్వైట్ వెనుకభాగమును చేతితో కప్పుకొనుచు అరచెను. "కాల్చకుండా కూర్చున్నాడు బాబాయ్, నిన్న కొట్లో లాగే చేతుల్లో తూటాలు పట్టుకుని ఉంటాడు!"

"కాల్చాడా?" అనెను ఓర్విల్.

"లేదు!"

"కాల్చనోడు తప్పడు. బండ వాడిదే." అని తీర్పుచెప్పి, పెట్టెలవైపు గడ్డమాడించి, ముసలాయన ఆసక్తిగా అడిగెను: "ఇంతకీ ఏది మంచిదిరా హార్లన్? నేనూ కొందామనుకుంటున్నా."

హార్లన్ చొక్కా వెనుకచెంగును ప్యాంటులోనికి నింపాదిగా దోపుకొనెను.

"రెండూ మంచివే బాబాయ్. ఒక్కటీ గురి తప్పలేదు."

ఆనాడు ఎవరికిని మాంసము లేదు. అందరును డబ్బాచిక్కుడుగింజలు తినిరి. దుప్పి కొండమీద సుఖముగా నుండెను. డ్వైట్ దిండు నిలువుగోడ కానుకొని కూర్చుండుటకు పనికివచ్చెను. మరియు పాటర్ కౌంటీ వీరుడు హార్లన్ బికెల్, మిల్లు పోయినను, యౌవనము పోయినను, భుజము క్రుంగినను, జానెడు ఫ్లానెలు గుడ్డను శత్రుహస్తము సోకకుండ కాపాడి, యావద్భూమండలమున అజేయుడై వెలసెను!