మీతో కొంచెం మాట్లాడాలి

ఆ పొద్దున పెద్ద గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఆఫీసుకెళ్లి, ఎవరితోనూ నోరు మెదపకుండా కూర్చుని, సాయంత్రానికి రికార్డు గది సంపాదించుకోవాలి. ఒక బల్ల, ఒక కిటికీ, గోడల నిండా పాత ఫైళ్లు, పలకరించే నాథుడు లేడు. మనుషులతో మాటలంటేనే ఒళ్లు మండే ఆయనకి అంతకు మించిన స్వర్గం లేదు. దాన్ని ఎవరికివ్వాలో ఆఫీసరు ఆ రోజే తేల్చబోతున్నాడు.

ఆయనకి ఒక అలవాటుంది. ఇరవై ఆరేళ్లుగా ప్రతి కాగితం మీదా చదవకుండా పొట్టి సంతకం గీకి పక్కకి నెడతాడు. ఫోన్లోనూ అంతే. తెలిసినవాళ్లు ఫోటోలు పెట్టే యాప్ తెరిచి, ప్రతి ఫోటో కిందా గుండె గుర్తు నొక్కుతాడు. దానర్థం ప్రేమా కాదు, దోమా కాదు. చూశాను, ఇక నన్నొదిలేయండి అని.

ఆ రోజు యాప్ కొత్త ముస్తాబుతో తెరుచుకుని పేజీడు సమాచారం చూపించింది. ఇకపై ఫోటోలు చూసి ఊరుకుంటే చాలదట, అందరూ కబుర్లాడుకోవాలట. అందుకని గుండె గుర్తు నొక్కగానే ఫోటో పెట్టినవాళ్లకి మన పేరిట "మీతో కొంచెం మాట్లాడాలి" అని వెళ్లిపోతుందట. గుమాస్తా అందులో ఒక్క ముక్కా చదవలేదు. "సరే" నొక్కేసి, కాఫీ చల్లారేలోగా మూడు గుండెలు పంచేశాడు. భార్య పూలకుండీకొకటి, బావమరిది కొత్త గొడుక్కొకటి, ఆఫీసరు పిల్లికొకటి.

"ఏమండీ," భార్య వంటింట్లోంచి ఫోన్ పట్టుకుని వచ్చింది. "పక్క గదిలో కూర్చుని ఇలా రాసి పంపడమేంటి? ఆ గడియారం సంగతి మీకెవరు చెప్పారు?"

"ఏ గడియారం?"

"చాల్లెండి నటన. కుండీ జరుపుతుంటే తగిలి, మీ నాన్నగారి గోడ గడియారం కింద పడి పగిలింది. బాగుచేయించాక చెబుదామనుకున్నా."

గుమాస్తా గోడ వంక చూశాడు. ఉత్త మేకు కనిపించింది. ఎన్నాళ్లుగా అలా ఉందో ఆయనకే తెలియదు.

అంతలో బావమరిది ఫోన్ చేశాడు. "బావా, దండం పెడతాను, అక్కకి చెప్పకు. నీ స్కూటర్ గోడకి గుద్దింది నేనే."

"స్కూటర్‌కేమైంది?"

"అంత వెటకారం వద్దు బావా!" అని పెట్టేశాడు.

గుమాస్తాకి బుర్ర తిరిగిపోయింది. తను పల్లెత్తు మాట అనలేదు, వీళ్లేమో వరసపెట్టి నేరాలు ఒప్పేసుకుంటున్నారు. అయోమయంగానే ఆఫీసు మెట్లెక్కాడు. ఆఫీసరు గుమ్మం దాకా ఎదురొచ్చాడు.

"రండి, కూర్చోండి. మీరేం మాట్లాడాలనుకుంటున్నారో నాకు తెలుసు. రికార్డు గది మా తోడల్లుడికి ఇద్దామనుకున్న మాట నిజమే. మీ దాకా ఎలా వచ్చింది?"

గుమాస్తా గుండె జారిపోయింది. "అయ్యా, నేను... నేనసలేం అనలేదు..."

"అదే మీ పెద్దరికం." ఆఫీసరు చెమట తుడుచుకున్నాడు. "ఆ గది ఇక వాడికివ్వను, సరేనా?"

గుమాస్తాకి ప్రాణం లేచొచ్చింది.

"మీకూ ఇవ్వను. ఇన్నేళ్లూ మిమ్మల్ని నోట్లో నాలుక లేని మనిషనుకున్నాను. నాతో నేరుగా మాట్లాడాలని అడిగింది ఈ ఆఫీసులో మీరొక్కరే. ఇంత చొరవున్న మనిషిని పాత కాగితాల మధ్య పడేస్తే పాపం. ఇవాళ్టి నుంచి విచారణల కౌంటర్ మీది!"

సాయంత్రానికి ఆయన నూట పద్నాలుగు మందికి జవాబు చెప్పాడు. గొంతు బొంగురుపోయింది, ఏడుపొకటే తక్కువ. కౌంటర్ తలుపు మూసి, కుర్చీలో కూలబడి ఫోన్ తీశాడు. యాప్ మళ్లీ ఏదో చూపించింది. "మాటలు కలిపే మా కొత్త సదుపాయం ఉంచమంటే గుండె గుర్తు నొక్కండి. వద్దనుకుంటే ఏమీ నొక్కకండి."

ఆయన చదవకుండానే నొక్కాడు.