అవ్వాతాతల విందు రద్దు

ఆ బుధవారం పొద్దున లీలండ్ హస్బీ వేసుకున్న పథకం చాలా చిన్నది. బడికి వెళ్ళాలి. శుక్రవారం జరగవలసిన అవ్వాతాతల విందు రద్దయిందని ఫోన్ సందేశం ఒకటి రికార్డు చెయ్యాలి. అది ఊళ్ళో ఇళ్ళన్నిటికీ చేరేలోపు, పక్క ఊళ్ళో ప్రిన్సిపాళ్ళ సమావేశం ఉందని చెప్పి కారెక్కి మాయమవ్వాలి. నిజానికి సమావేశమేమీ లేదు. కానీ హాల్వర్ గ్రోవ్ లాంటి నార్త్ డకోటా పల్లెలో, స్వయానా అత్తగారు వండే విందును ఆపించిన మనిషికి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళిపోవడం అవసరం.

ఆపక తప్పలేదు మరి. ఫ్లూ దెబ్బకి క్లాసులు సగం ఖాళీ అయ్యాయి. బాస్కెట్‌బాల్ జట్టులో కాళ్ళమీద నిలబడగలిగినవాళ్ళు చాలక ఆట మానుకున్నారు. బాకాలు ఊదేవాళ్ళందరూ దగ్గుతున్నారని బ్యాండు కచేరీ ఆపేశారు. ఇలాంటప్పుడు ఎనభై దాటినవాళ్ళని పిలిచి, ముక్కులు కారుతున్న మనవల పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టడం ప్రాణాలతో చెలగాటమని లీలండ్‌కి అనిపించింది.

అయితే ఆ విందు అంటే ఆర్డిస్ క్లెవ్‌గార్డ్. కైమా, ఎర్ర చిక్కుడు గింజలు వేసి ఆవిడ ఉడికించే చిల్లీ, దాని పక్కన దాల్చినచెక్క పొడి చల్లిన తీపి రొట్టె చుట్టలు. భర్త పోయాక ఆవిడ ఊళ్ళో ప్రతి పెళ్ళికీ, ప్రతి చావుకీ వండుతూనే బతికింది. పొద్దున్నే మంచం దిగడానికి ఆవిడకి ఉన్న కారణం అదొక్కటే అని అందరికీ తెలుసు.

"అమ్మకి ముందు నువ్వే చెప్పు," అంది భార్య మార్డెల్, కప్పులో కాఫీ పోస్తూ.

"చెప్తాలే. గింజలు ఇంకా నానబెట్టి ఉండదుగా?"

"నానబెట్టడమా? నిన్ననే గుండిగెడు వండేసింది. ఊరితే రుచి వస్తుందట."

లీలండ్ కాఫీ కప్పు పక్కకి నెట్టేశాడు. "పోనీ, సందేశంలోనే ఆవిడ పేరు చెప్పి, గౌరవంగా, నాలుగు మంచి మాటలు..."

"ఫోన్ చెయ్యి, లీలండ్."

"చేస్తానన్నానుగా."

చెయ్యలేదు. బడికి వెళ్ళి, గొంతు సవరించుకుని, ఇలా రికార్డు చేశాడు: "నేను ప్రిన్సిపాల్ హస్బీని. ఫ్లూ వల్ల, మన పెద్దవాళ్ళ క్షేమం కోసం, శుక్రవారం విందు రద్దు చేశాం. ఆర్డిస్ క్లెవ్‌గార్డ్ గారి చిల్లీ ఈసారి మనం ఎవరమూ తినడం లేదు. ఇన్నేళ్ళూ ఆవిడ మనకి పెట్టింది ఎవరూ మర్చిపోలేరు. వాంతులు, జ్వరం, ఒళ్ళునొప్పులు ఉన్నవాళ్ళు ఇల్లు కదలకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యండి."

మంచి సందేశమే. కానీ ఆ ఊరి ముసలివాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ, ఫోన్ ఎత్తేవాళ్ళు లేనప్పుడు సందేశం పట్టి ఉంచే పాతకాలపు జవాబు యంత్రాలే. పొద్దున వాళ్ళంతా కాఫీ హోటల్లో కబుర్లు చెప్పుకుంటుంటే, ఇంట్లో యంత్రం "మేం లేము, కూత వినబడ్డాక మాట్లాడండి" అని నిదానంగా వివరిస్తూంటుంది. ఇంటింటికీ ఫోన్ చేసి సందేశం వినిపించే బడి యంత్రానికి ఆగడం తెలియదు. అది తన మాట తను చెప్పుకుపోయింది. కూత వినబడేసరికి సగం సందేశం అయిపోయింది. తాతలూ అవ్వలూ ఇంటికొచ్చి మీట నొక్కితే వినబడింది ఆర్డిస్ క్లెవ్‌గార్డ్ గారి చిల్లీ దగ్గర నుంచి.

లీలండ్ హైవే ఎక్కాడో లేదో, బడి ఆఫీసు నుంచి లవోన్ ఫోన్ చేసింది. లీలండ్ మూడో తరగతి చదివేటప్పుడు కూడా ఆఫీసులో ఆవిడే ఉండేది, అందుకని ప్రిన్సిపాల్ అన్న జంకు ఆవిడకి ఎప్పుడూ లేదు.

"ఎక్కడున్నావు?"

"సమావేశానికి వెళ్తున్నా."

"ఏ సమావేశమూ లేదని నాకు తెలుసు. వెనక్కి తిప్పు. మీ అత్తగారి చిల్లీ తిని ఎంతమంది పోయారని అడుగుతున్నారు."

"ఎంతమంది... ఏమిటీ?"

"పోయారని. నేను ఎవరూ పోలేదన్నాను. దాస్తున్నానంటున్నారు."

లీలండ్ రోడ్డు పక్కన కారు ఆపి కాసేపు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. తర్వాత వెనక్కి తిప్పాడు.

అప్పటికే కబురు ఊరంతా పాకిపోయింది. శనివారం ఒక అంత్యక్రియల భోజనం ఆర్డిస్ వండవలసింది. చర్చి ఆడవాళ్ళు ఫోన్ చేసి, "నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో ఆర్డిస్, మేం చూసుకుంటాం," అన్నారు. విశ్రాంతి తీసుకోమని ఆవిడతో అంతకుముందు ఎవరూ అనలేదు. పక్కింటావిడ, పోయినవారం ఆర్డిస్ కూర పెట్టి ఇచ్చిన గిన్నెని బ్లీచుతో కడిగి, గుమ్మంలో పెట్టి, గంట కొట్టి పరుగెత్తింది.

మధ్యాహ్నానికి ఆర్డిస్ బడికి వచ్చింది. చిల్లీ గుండిగను కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, దానికి బెల్టు కూడా పెట్టి తీసుకొచ్చింది. ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే లీలండ్‌కి కొంత హాయిగా ఉండేది.

"నా వంట తిని ఎవరు పోయారు, లీలండ్?"

"ఎవరూ పోలేదు, ఆర్డిస్. వాళ్ళకి సగమే వినబడింది. యంత్రం..."

"నాకు మొత్తం వినబడింది. నేను ఇంట్లోనే ఉన్నాను, ఫోన్ ఎత్తాను." ఆవిడ చేతి తొడుగులు తీసి బల్లమీద పెట్టింది. "ఊరందరితోపాటు నేనూ విన్నాను. నా కూతురు మొగుడు నాకు విడిగా ఒక ముక్క చెప్పలేకపోయాడని అప్పుడే తెలిసింది."

లీలండ్ కుర్చీ ముందుకి లాగాడు. ఆవిడ కూర్చోలేదు.

ఆ సమయంలో స్కూల్ బోర్డు అధ్యక్షుడు డెన్నీ రౌష్ లోపలికొచ్చాడు. ట్రాక్టర్లు అమ్ముకునే మనిషి, ఏ సమస్యనైనా ప్రదర్శన పెట్టి పరిష్కరించవచ్చని ఆయన నమ్మకం. "సింపుల్," అన్నాడు. "శుక్రవారం మన బాస్కెట్‌బాల్ ఆడే జిమ్‌లో నిలబడి చిల్లీ తిను. వీడియో తీసి అందరికీ పంపుదాం. ఆవిడ పరువూ నిలబడుతుంది, బడి పరువూ నిలబడుతుంది."

"సరే," అన్నాడు లీలండ్. ఆర్డిస్ మొహం చూశాక కాదనడానికి మనసొప్పలేదు.

రెండో సందేశం రికార్డు చేసేటప్పుడు జాగ్రత్తపడ్డాడు. ముందు సగం ఎగిరిపోతుందని తెలిసింది కనుక ముఖ్యమైన మాట చివర పెట్టాడు. "దయచేసి ఎవరూ రావద్దు, వీడియో మీ ఇళ్ళకే పంపిస్తాం," అన్నది మొదట చెప్పేశాడు. చివర, ఒక్కొక్క మాటా నొక్కి పలికాడు: "శుక్రవారం పన్నెండింటికి, బడి జిమ్‌లో, ఆర్డిస్ గారి చిల్లీ నేను స్వయంగా తింటాను."

అది మాత్రం ప్రతి ఇంట్లోనూ చక్కగా వినబడింది.

శుక్రవారం పొద్దున లేచేసరికి లీలండ్‌కి ఒకటే వణుకు. మార్డెల్ నుదుటిమీద చెయ్యి వేసింది.

"కాలిపోతోంది."

"భయం."

"భయానికి జ్వరం రాదు."

"నాకొస్తుంది," అని చొక్కా వేసుకున్నాడు.

జిమ్ తలుపు తీసి చూస్తే లోపలంతా జనం. బడి జట్టు రాష్ట్ర ఛాంపియన్‌షిప్ ఆడిన ఏడాది కూడా అంతమంది రాలేదు. మామూలు విందుకి రానివాళ్ళు కూడా వచ్చారు. మెట్ల బల్లల మీద తాతలు, అవ్వలు భుజం భుజం రాసుకుని కూర్చున్నారు, వాళ్ళ ఒళ్ళో దగ్గుతున్న మనవలు. పక్కవాళ్ళ చెవిలో నోరు పెట్టి గుసగుసలు. ఏది జరగకూడదని తను ఇంత తిప్పలు పడ్డాడో అదే, రెండింతలై, కళ్ళెదుట కూర్చుని ఉంది.

"డెన్నీ, వీళ్ళని పంపించెయ్యాలి," అన్నాడు లీలండ్.

"పిచ్చా? చూడు ఎంత జనమో!"

లీలండ్ మైకు అందుకుని "ఇళ్ళకి వెళ్ళండి" అన్నాడు. గొంతు పూర్తిగా పూడిపోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు. జనం అది ప్రార్థన అనుకుని తలలు వంచారు.

ఆర్డిస్ మంచి గౌను వేసుకుని వచ్చింది. గిన్నెలో చిల్లీ పోసి, పైన కాస్త చీజ్ తురిమి, అతని చేతికిచ్చింది. మొదటి చెంచా తిన్నాడు. బాగుంది, ఎప్పటిలాగే. రెండోది తిన్నాడు. జనంలోంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, ఆర్డిస్ మొహం కొద్దిగా విచ్చుకుంది. మూడో చెంచా నోట్లో పెట్టుకునేసరికి జిమ్ గోడలు మెల్లగా తిరగడం మొదలైంది. డెన్నీ ట్రాక్టర్లు అమ్మడంలో కూడా అంత చురుకుదనం చూపించి ఉండడు, తలమీద టోపీ తీసి సరిగ్గా సమయానికి అందించాడు.

లీలండ్ తిన్నదంతా ఆ టోపీలోకి వెళ్ళింది.

చప్పట్లు ఆగిపోయాయి. దగ్గులు మాత్రం వినబడ్డాయి. ఆర్డిస్ గుండిగకి మూత పెట్టి, రెండు చేతులా ఎత్తుకుని, అంత బరువూ తనే మోసుకుంటూ, ఆ పొడవాటి జిమ్ దాటి వెళ్ళిపోయింది. ఒక్కరూ లేచి తలుపు పట్టుకోలేదు.

ఆ వారాంతం లీలండ్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అమ్మ తలుపు తియ్యడం లేదు," అంది మార్డెల్. "చిల్లీ అంతా పెరట్లో మంచులో పారబోసిందిట. కుక్క కూడా ముట్టుకోలేదని పక్కింటావిడ చెప్పుకు తిరుగుతోంది."

"ఉద్యోగం మానేస్తాను."

"ముందు మాత్ర మింగు."

సోమవారం లవోన్ ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టలేనంత బొంగురుపోయింది. "బడి మూసేశాం. టీచర్లు లేరు, పిల్లలు లేరు, బస్సు నడిపేవాడు కూడా లేడు. జిమ్‌కి వచ్చినవాళ్ళంతా జ్వరంతో మంచాన పడ్డారు. చిల్లీ ఒక్కరూ ముట్టలేదు కదా, అందుకని ఇప్పుడు ఆర్డిస్ తప్పేం లేదంటున్నారు."

"మరి ఎవరిదంటున్నారు?"

"నీది."

లీలండ్ వాదించలేదు. డెన్నీ వాళ్ళ నాన్ననీ, ఇంకొక పెద్దావిడనీ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారని కూడా లవోన్ చెప్పింది. ఆ ఇద్దరూ కోలుకుని ఇంటికి వచ్చేదాకా లీలండ్ సరిగా తిండి తినలేదు. తను రద్దు చేసింది ఒక విందు. తను పిలవకుండానే పిలిచింది ఊరిని.

ఊళ్ళో నిలబడి తిరుగుతున్నది ఇంచుమించు ఆర్డిస్ ఒక్కతే. ఆకురాలు కాలంలోనే ఆవిడ ఫ్లూ టీకా వేయించుకుంది. కోడిమాంసం, సేమ్యా వేసి సూపు కాచి, ఇల్లిల్లూ తిరిగి ఇచ్చింది. చర్చి ఆడవాళ్ళకి ఇచ్చింది. పక్కింటావిడకి చెంచాతో తాగించింది కూడా. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అందుకే వాళ్ళకి మింగుడుపడలేదు.

అల్లుడి దగ్గరికి అందరికన్నా ఆఖరున వచ్చింది.

"లే. తాగు."

"ఆర్డిస్, నేను ముందే మీకు ఫోన్ చేసి ఉండాల్సింది."

"అవును."

"క్షమించండి."

"చల్లారిపోతోంది."

లీలండ్ తాగాడు. కడుపులో నిలిచింది. ధైర్యం తెచ్చుకుని అడిగాడు, "చిల్లీ మళ్ళీ ఎప్పుడు వండుతారు?"

"వండను." ఆవిడ ఖాళీ గిన్నె అందుకుంది. "తిన్నవాడు ఒక్కడే, వాడూ కక్కాడు. తిననివాళ్ళంతా మంచమెక్కారు. ఇంక దానిమీద నాకు మనసు లేదు."

నవ్వాలో కూడదో తెలియక లీలండ్ ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ నవ్వడం లేదు. దుప్పటి అంచు సర్దేసి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే, ముసలివాళ్ళ విందును అందరికన్నా ముందు రద్దు చేసి ప్రజారోగ్యం కాపాడినందుకు హాల్వర్ గ్రోవ్ బడిని అభినందిద్దామని కౌంటీ ఆరోగ్యశాఖ వాళ్ళు ఫోన్ చేశారు గానీ, ఎత్తడానికి బడిలో ఎవరూ లేరు.