అరవై నాలుగు తర్వాత ఎనభై ఒకటి

గ్రంథాలయ కమిటీ అధ్యక్షుల వారి నవలపై పాఠక స్పందన సభ దిగ్విజయంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సభికుల్లో నవల చదివిన మనిషి ఒకడున్నాడు. అతను లోపలికి ఎలా వచ్చాడన్నది విచారణలో ఉంది.

అతను గడియారాలు బాగుచేస్తాడు. అధ్యక్షుల వారి చెల్లెలి మొగుడు. వారానికి మూడు పుస్తకాలు నమిలేస్తాడు. గ్రంథాలయం కార్డు చొక్కా జేబులో లేకపోతే అతనికి అన్నం సయించదు. బావగారి నవల కూడా అలవాటుకొద్దీ మొదటి నుంచి చివరిదాకా చదివేశాడు. వెనకమూత విప్పితే చిన్న మర లేకపోయినా పట్టేసే కళ్లు కదా, పట్టేశాయి.

సభలో మాజీ హెడ్‌మాస్టరు నవల తనను ఏకబిగిన చదివించిందన్నారు. ఆయన చేతిలోని ప్రతికి ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడలేదు. విమర్శకుడు, ఈ నవల మీదే పంతొమ్మిదో సమీక్ష రాసినాయన, ఇందులో ఒక్క అక్షరం తీసినా నవల కూలిపోతుందన్నారు. చప్పట్లు మోగాయి. తర్వాత గడియారాలాయన్ని పిలిచారు.

"బావగారూ, ఏమీ అనుకోకండి. అరవై నాలుగో పేజీ తర్వాత ఎనభై ఒకటి ఉందండీ. మధ్యలో పదహారు పేజీల ఫారం ఒకటి కుట్టడం మర్చిపోయారు. అరవై నాలుగులో పోయిన మామగారు ఎనభై ఒకటిలో కాఫీ చల్లారిందని విసుక్కుంటున్నారు."

అధ్యక్షుల వారు తమ నవలను మొదటిసారి తెరిచి చూసుకున్నారు. విమర్శకుడు లేచి ఆదుకున్నారు.

"అదేనండీ మౌన శిల్పం! ఆ పదహారు పేజీలే ఈ నవలకు ప్రాణం!"

"అవి పాఠకులకే వదిలేశాను," అన్నారు అధ్యక్షుల వారు వినమ్రంగా. తదుపరి నవలలో ముప్పై రెండు పేజీలు వదలవలసిందిగా సభ ఏకగ్రీవంగా కోరింది. పుస్తకాన్ని చివరిదాకా చదివి రచయిత మనోభావాలు గాయపరచినందుకు గడియారాలాయన కార్డు రద్దయింది.

"ముందే చెప్పాను కదండీ, అన్నయ్య పుస్తకం జోలికి పోవద్దని!" అంది భార్య. "బాగుందని చెప్పడానికి చదవడం దేనికి?"

వారం రోజులు కొట్లో ఏ పనీ సాగలేదు. చివరికి క్షమాపణ రాయడానికి కూర్చున్నాడు. మొదటి కాగితం మీద "గౌరవనీయులైన అధ్యక్షుల వారికి" అని, నాలుగో దాని మీద "ఇట్లు విధేయుడు" అని రాశాడు. మధ్యలో ఏ అబద్ధం ఆడాలో ఎంతకీ తోచక, రెండో, మూడో కాగితాలు తెల్లగానే ఉంచి పంపేశాడు.

మర్నాడే జవాబు వచ్చింది. "మీ లేఖ ఆసాంతం చదివి కంటతడి పెట్టాం. కార్డు పునరుద్ధరించడమైనది. ఇకపై సమీక్షలు మీరే రాయగలరు."

కార్డు చేతికొచ్చింది గానీ, అతని మనసు మాత్రం చివుక్కుమంది.

ఇక్కడిదాకా చదివిన పాఠక మహాశయులు తమ తమ కార్డులు భద్రపరచుకోవలసిందిగా మనవి.