మూడో తప్పు, ఎండురొయ్యల కూర

మనుషుల్ని బాగుచేయడానికి బుద్ధులు చెప్పనక్కర్లేదు. బతిమాలనక్కర్లేదు. మూడు వరకూ లెక్కపెట్టడం వస్తే చాలు!

నేను వేళాకోళానికి అనడం లేదు. అమెరికాలో ఒక రాష్ట్రంలో చట్టమే ఉంది. రెండు పెద్ద నేరాలు చేసినవాడు మళ్ళీ దొరికితే, మూడోసారి చేసింది ఎంత చిన్నదైనా సరే, పాతికేళ్ళు మొదలుకొని జీవితాంతం దాకా జైలే. ఒకాయన దుకాణంలో గోల్ఫ్ కర్రలు ప్యాంటు కాల్లో దోపుకుని, కుంటుకుంటూ బయటికొస్తూ దొరికాడట. పాతికేళ్ళు! అక్కడి పెద్ద కోర్టు కూడా మొన్న మార్చిలో దానికి తల ఊపేసింది.

ఆ వార్త చదివి నాకు ఒళ్ళు పులకరించింది. నిజం చెప్పాలంటే, పెళ్ళయి నాలుగు నెలలే అయింది కనుక ఈమధ్య కుక్కర్ కూత వేసినా పులకరిస్తోంది. అయినా ఆలోచించండి, ఎంత హాయి! జడ్జిగారు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఎందుకు చేశావు నాయనా అని అడగనక్కర్లేదు. వేళ్ళు మడిస్తే తీర్పు వచ్చేస్తుంది!

మధురవాడలో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్ సెక్రటరీ గురునాథరావుగారు కూడా అదే పేపరు చదివారు. పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యారు. సంతకం పెట్టడానికి ఫైళ్ళు లేక చేతులు దురద పెడుతున్న మనిషి. ఆ ఆదివారమే మీటింగ్ పెట్టేశారు. మన బిల్డింగులో ఎవరైనా సరే, ఏ తప్పైనా సరే, మూడోసారి చేస్తే క్షమాపణ లేదు. అద్దెవాళ్ళైతే ఫ్లాటు ఖాళీ చెయ్యాలి. బయటివాళ్ళైతే జన్మలో గేటు దాటి లోపలికి రాకూడదు.

"మరి సొంత ఫ్లాటు వాళ్ళైతేనండీ?" అని అడిగారు మా ఆయన గవర్రాజు.

"వాళ్ళు తప్పులెందుకు చేస్తారు బాబూ?" అన్నారు సెక్రటరీగారు.

అందరం చప్పట్లు కొట్టాం. నేనైతే చేతినిండా ఉన్న కొత్త గాజులు గలగలలాడేలా కొట్టాను.

ఇంటికొచ్చి అదే చట్టం మా ఇంట్లోనూ పెట్టాను. మంచం మీద తడి తువ్వాలు వేస్తే ఒకటి. వేడివేడిగా వండి కూర్చుంటే "క్యాంటీన్లో తినేశాను జ్యోతీ" అంటే రెండు. మూడోది చేస్తే ఆదివారం స్కూటర్ మీద బీచ్ రోడ్డు షికారు రద్దు!

మూడోది వారం తిరక్కుండానే చేసేశారు. మళ్ళీ తువ్వాలే. అప్పుడు తెలిసింది, ఆ శిక్ష పడితే వెనక సీట్లో కూర్చునే మనిషికీ పడుతుందని! గాలికి జడ ఎగరదు. చేతిలో వేడి పల్లీల పొట్లం ఉండదు. అందుకని మా ఇంట్లో రెండు తర్వాత మళ్ళీ ఒకటి వస్తుంది. ఇలాంటి నీరసపు జడ్జీలు ఉంటారనే కదా, ఆ అమెరికావాళ్ళు లెక్కకట్టి మరీ చట్టం చేసింది!

కింద మాత్రం చట్టం బ్రహ్మాండంగా పనిచేసింది. మూడో అంతస్తు ఓనరుగారు ఉగాదినాడు కారు తెచ్చి సరిగ్గా లిఫ్టుకి అడ్డంగా పెట్టారు. ఇప్పటిదాకా కదపలేదు. కదపలేదు కనుక తప్పు ఒక్కటే! పాపం, స్కూటర్లవాళ్ళు రోజూ తీసి రోజూ పెడతారు. వాళ్ళ తప్పులు రోజూ పెరుగుతాయి. పొద్దున్నే లేచి ఆఫీసుకి పోవడం వాళ్ళదే కదా పొరపాటు?

సెక్రటరీగారు డాబా మీద తనకోసం రేకుల గది కట్టుకున్నారు. బట్టలారేసే తాళ్ళన్నీ తీసేశారు. ఇప్పుడు మా చీరలు కారిడార్లో ఆరుతున్నాయి. గది ఒక్కటే కనుక అదీ ఒక్క తప్పే. ఆయన ఖాతాలో ఇంకా బోలెడు మంచితనం మిగిలి ఉంది.

ఇంతటి చక్కని చట్టానికి మొదట దొరికిన కరుడుగట్టిన నేరస్థురాలు ఎవరో తెలుసా? చేపల నూకాలు!

నూకాలుది జాలారిపేట. హార్బర్లో వేలంలో చేపలు పాడుకుని, గంప షేర్ ఆటోలో వేసుకుని మా బిల్డింగుకి వస్తుంది. వచ్చి సరాసరి ఐదో అంతస్తులో మా గుమ్మం ముందే దించుతుంది. నేను కొత్త పెళ్ళికూతుర్ని కదా, బోణీ నా చేత్తోనే అవ్వాలి!

"నీ సెయ్యి సల్లటిదమ్మా. నువ్వు ముట్టుకుంటే మజ్జానానికి గంప కాళీ అయిపోద్ది" అంటుంది.

చేపకి పొలుసు తీయడం నాకు నేర్పింది కూడా ఆమే. మొదటిసారి నేను తీస్తే సగం చేప పొలుసుతో పోయింది. "ఓలమ్మ, మీ ఆయనకి ముల్లెట్టీసి పంపుతావేటి?" అని పడీపడీ నవ్వింది.

ఐదంతస్తుల మెట్ల మీద గంప నీళ్ళు కారాయి. ఒకటి.

మెట్లు ఎక్కొద్దన్నారు. లిఫ్టు ఎలాగూ ఆమెకి లేదు. బోణీ మానుకోలేదు. పొద్దున్నే గేటు లోపల నిలబడి తల పైకెత్తి అరిచింది:

"ఓలమ్మో, అయిదో అంతస్తు పెల్లికూతురా! మొగుణ్ణి సాగనంపింది సాలు గానీ, బోణీకి దిగవే తల్లీ!"

బిల్డింగు బిల్డింగంతా కిటికీల్లోకి వచ్చింది. నేను సిగ్గుతో చచ్చి, సంతోషంతో బతికాను. డాబా మీది గదిలో శవాసనంలో ఉన్న సెక్రటరీగారు లేచి కూర్చున్నారు. రెండు.

ఇంతలో ఏప్రిల్ సగానికి ఏటా వచ్చే వేట బంద్ వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక బోట్లు కట్టేస్తారు. నూకాలు మొగుడు బోటు మీద కళాసీ, పనిలేక ఇంట్లో కూర్చున్నాడు. ఇక ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే గంపే దిక్కు. ఆ గంపలో సగం అమ్ముడయ్యేది మా బిల్డింగులోనే. పచ్చిచేప లేదు కనుక ఎండురొయ్యలు తెచ్చింది. నీళ్ళు కారవు. కేక వేయలేదు. గేటు దగ్గర దొంగలా గుసగుసలాడింది.

కొన్నది ఎవరు? సెక్రటరీగారి భార్య గౌరీశ్వరిగారు! వంకాయలో వేసి వండారు. ఆ ఘుమఘుమ అన్ని అంతస్తులూ తిరిగొచ్చింది. ఎవరో ముక్కు మూసుకుని కంప్లయింట్ చేశారు. సెక్రటరీగారు ఆ కూర రెండుసార్లు వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కుని, అదే చేత్తో శిక్ష రాశారు. మూడు! నూకాలు జన్మలో గేటు దాటకూడదు.

నేను పరుగెత్తుకెళ్ళాను. "బాబాయిగారూ, రొయ్యలు కొన్నది పిన్నిగారే కదండీ?"

"కొనడం తప్పు కాదమ్మా. తేవడం తప్పు."

"వండిందీ పిన్నిగారే కదా?"

"సొంత ఫ్లాట్లో వండుకుంది."

"మరి తిన్నది మీరే కదండీ?"

"అది సాక్ష్యాన్ని పరిశీలించడం!"

గేటు బయట నూకాలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నీల్లు కారితే తప్పు. కేకేత్తే తప్పు. ఎండబెట్టి మెల్లగా తెత్తే అదీ తప్పేనా? నాను సేపకి సీర కట్టి, సుట్టాన్లా తీసుకురావాలేటి?" అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గంప నెత్తికెత్తుకుని, "బోణీ అవలేదమ్మా" అని వెళ్ళిపోయింది.

మర్నాడు నేను బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట గోడ అవతలికి దించి నూకాలు దగ్గర ఎండునెత్తళ్ళు, అవే చిట్టి ఎండుచేపలు, కొన్నాను. బిల్డింగు అందం పాడైందట. నాకు ఒకటి. ఆ తర్వాత బుట్ట కింది బాల్కనీలో ఎవరో ఆరేసిన లుంగీకి తగిలింది. రెండు.

అదీ సంగతి. ఇంకొక్కటి చేస్తే ఫ్లాటు ఖాళీ చెయ్యాలి. ఈ ఫ్లాటంటే నాకెంత ఇష్టమో మీకు తెలీదు. రెండు బిల్డింగుల మధ్య నుంచి చీర అంచంత సముద్రం కనబడుతుంది! చూసుకుంటూ ఇద్దరం ఒకే కప్పులో కాఫీ తాగుతాం. చట్టం పనిచేస్తోందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? నేను భయపడ్డాను. తాడు చుట్టి బుట్ట అటక మీద పెట్టేశాను.

నిన్న సాయంత్రం మా ఆయన తువ్వాలు మంచం మీద పడేస్తూ అన్నారు: "అరకిలో నెత్తళ్ళకైనా ఖాళీ చెయ్యాల్సిందే. ఇంకెంత ఘోరం చేసినా ఖాళీ చెయ్యాల్సిందే. అలాంటప్పుడు పోయి పోయి నెత్తళ్ళకెందుకు జ్యోతీ?"

ఎంత తెలివైన మొగుడు దొరికాడండీ నాకు!

రేపటితో వేట బంద్ అయిపోతుంది. బోట్లు తిరిగొచ్చిన మొదటి పొద్దున నూకాలుని గేటు దగ్గర చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తాను. మెట్లు కాదు, కారు పక్కనుంచి దూరి లిఫ్టులో! గంపలో నిగనిగలాడే వంజరాలు, కింద ధారగా నీళ్ళు. తిన్నగా డాబా మీదికి, రేకుల గది గుమ్మం ముందుకి, సరిగ్గా శవాసనం వేళకి. బోణీ అక్కడే. కేక నూకాలుతో పాటు నేనూ వేస్తాను.

చూశారా చట్టం మహిమ! బుట్ట దించడానికే వణికిన పిరికిదానికి ఇంత ధైర్యం ఇంకెవరు ఇవ్వగలరు?

ఇంతకీ, సముద్రం కాస్తయినా కనబడే వాటా, మెట్ల మీద నీళ్ళు కారినా ఏమీ అనని ఓనరు మీ ఎరుకలో ఉంటే చెప్పండి. ఉండేది ఇద్దరమే. పొద్దున్న బోణీ వేళకి మాత్రం ముగ్గురం.