పోయినవాళ్లకు మినహాయింపు

మద్యనిషేధం పనిచేయదని వాదించే మేధావులందరినీ ఒక్కసారి మా సుమిత్రా ఎన్‌క్లేవ్‌కి రమ్మని సవినయంగా ఆహ్వానిస్తున్నాను. ఎల్బీనగర్ చౌరస్తాలో దిగి ఏ ఆటోవాలాను అడిగినా తీసుకొస్తాడు. నిషేధం వల్ల జనం తాగుడు మానేస్తారో లేదో నాకు తెలియదు. ఆ చిన్న విషయం పక్కన పెట్టండి. పితృభక్తిని పెంచడంలో మాత్రం దాన్ని మించింది ఈ భూమ్మీద లేదు!

నవ్వకండి. కాలనీ సంక్షేమ సంఘం ఉపాధ్యక్షుడి హోదాలో, పూర్తి బాధ్యతతో చెబుతున్నాను.

మా సందు చివర సీతారాములు కిరాణా కొట్టు ఉంది. ముందు అరల్లో పప్పులు, సబ్బులు. వెనక గదిలో క్వార్టర్ సీసాలు. లైసెన్సు లేకుండా ఇలా అమ్మేదాన్ని బెల్టుషాపు అంటారని మీకు తెలిసే ఉంటుంది. గాంధీ జయంతికి ఊళ్లో వైన్‌షాపులన్నీ మూస్తే, ఆ రోజు సీతారాములు కొట్టు ఇంకాస్త పెందలాడే తెరుచుకునేది. అంతటి సేవాభావం!

ఆ వెనక గదిని మూయించాలని మేం నిర్ణయించాం. కారణం సమాజ శ్రేయస్సు. మెట్రో ఇటువైపు పొడిగిస్తారన్న మాట పుట్టి అప్పుడే ప్లాట్ల ధరలు కదులుతున్నాయనుకోండి, అది వేరే సంగతి. కొనడానికొచ్చినవాళ్లు కారు దిగడం, సందు చివర తూలుతున్న నలుగురిని చూడటం, మళ్లీ కారెక్కి బడంగ్‌పేట్ వైపు వెళ్లిపోవడం. ఇంతకన్నా నైతిక పతనం ఉంటుందా?

కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టాం. అధ్యక్షులు చక్రపాణి గారు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ ఇంజనీరు. ఫొటోలో బాగుంటుందని ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టారు. అందులోంచి తిరుపతమ్మ లేచింది. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఆమె భర్త దశరథ బాటసింగారం మార్కెట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు డీసీఎం వ్యానులో పళ్లు తోలుతాడు. సీతారాములు కొట్టుకు అతని వంటి నమ్మకమైన ఖాతాదారు మరొకరు లేరు.

"సార్, షాపు బంద్ చేస్తే చెయ్యుండ్రి," అంది తిరుపతమ్మ. "మా ఆయన కండ్లు పచ్చగైనయి. దవాఖానల పెట్టి మాన్పియ్యాలె, ఇంట్ల ఒక్కపారి బంద్ చేస్తే పాణం మీదికొస్తదని డాక్టర్ చెప్పిండు. మొగోళ్ల వార్డుల రాత్రి తోడుకు మొగమనిషే ఉండాల్నట. నాకు అన్నదమ్ములు లేరు. పోతా అని ఆయన ఇప్పుడే జర ఒప్పుకున్నడు, మళ్ల ఎట్లుంటడో ఏమో. మీరు ఇంతమంది ఉన్నరు. ఎవరన్నా ఒకరు రాండ్రి."

హాలంతా చప్పట్లు! చక్రపాణి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీలాంటి వాళ్ల కన్నీళ్లే మాకు స్ఫూర్తి తల్లీ. ఆ ఆసుపత్రి సంగతి తర్వాత చూద్దాం, ముందు తీర్మానం కానివ్వండి," అన్నారు. ఆమె ఏడవలేదు. అయినా ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో వేయించాం. మా ఫొటోలకన్నా కాస్త చిన్నదే.

తీర్మానం దాదాపు అయిపోయింది. అప్పుడు వెనక నుంచి అండాలమ్మ చెయ్యెత్తింది. కాలనీలో అందరికన్నా పెద్దావిడ.

"మా ముసలాయన పోయి ఆరేండ్లాయె. పెత్రమాస నాడు ఫొటో ముంగట కోడికూర, గ్లాసు పెట్టకపోతే కలలకొచ్చి తిడ్తడు. బంద్ అయిందని ఆయనకు మీరు చెప్తరా, నన్ను చెప్పుమంటరా?"

పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. ఆ రోజు మా ఇళ్లలో పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఫొటో ముందు పెడతాం. పాయసం ఇష్టపడ్డవాళ్లకు పాయసం, క్వార్టర్ ఇష్టపడ్డవాళ్లకు క్వార్టర్. కాసేపు తలుపు దగ్గరగా వేసి, పెద్దలు తృప్తి పడ్డాక మిగిలింది ఇంటివాళ్లు తీసుకుంటారు. చిత్రమేమిటంటే, ఎప్పుడూ మొత్తం మిగులుతుంది.

"ఏవండీ, పోయినవాళ్లు కూడా తాగుతారా?" అని చక్రపాణి గారు నా చెవిలో అడిగారు.

"పోయాక కొత్తగా మొదలుపెట్టరండీ, పాత అలవాటే," అని సర్దిచెప్పాను.

పెద్దల శాపం ఎవరికి కావాలి? మినహాయింపు ఇచ్చేశాం. బతికున్నవాళ్లకు సంపూర్ణ నిషేధం, పోయినవాళ్లకు ఉపాధ్యక్షుడి అనుమతితో సడలింపు. ఆ అవసరం మేరకు సీతారాములు సరుకు ఉంచుకోవచ్చు. భారతదేశంలో ఇంత మానవీయమైన మద్య విధానం ఇంకెక్కడైనా ఉందా?

ఇక మా కాలనీ సంస్కారం వికసించడం మొదలైంది!

మొదట వచ్చింది సెల్‌ఫోన్ రిపేరు షాపు కృష్ణ. ఆదివారం మధ్యాహ్నం, కళ్లనిండా నీళ్లు. "అన్నా, మా నాయిన మస్తు యాదికొస్తున్నడు," అన్నాడు. అమావాస్యకు ఇంకా నెలలున్నాయి. కన్నతండ్రి గుర్తుకు రావడానికి అమావాస్య దాకా ఆగమనేంత కఠినాత్ముణ్ణి కాను. అనుమతించాను. తర్వాతి ఆదివారం తాత గుర్తుకొచ్చాడు. ఆపై మేనమామ. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున ఏకంగా వంశమంతా గుర్తుకొచ్చింది.

ఒకప్పుడు తాత పేరు అడిగితే బిక్కమొహం వేసినవాళ్లు ఇప్పుడు ఏడు తరాలు గడగడా చెబుతున్నారు. ఏ బడిలో నేర్పగలరు ఇంత చరిత్ర?

ఫొటో లేని తాతల సమస్య వచ్చింది. తిరుపతి అనే ఎలక్ట్రీషియన్ దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, ఓ ఫ్రేముల దుకాణంలో నమూనాకు పెట్టిన బుర్రమీసాల పెద్దాయన పటం తెచ్చుకున్నాడు. నెల తిరక్కుండానే అదే పెద్దాయన ఇంకో మూడిళ్లలో గోడకెక్కాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ మనం ఒక్క తాత పిల్లలమని తెలియక పార్కింగు కోసం కొట్టుకున్నాం కదా!

మా కాలనీలోనే ఉండి చర్చికి వెళ్లే జాన్సన్‌కు మాత్రం చిక్కొచ్చింది. "మా పెద్దలు పరలోకంల మంచిగున్నరన్నా, ఆళ్లకు ఏమీ అక్కర లేదు. గదే నా పరేషాన్," అని వాపోయాడు. అయితేనేం, ఇరుగుపొరుగు పెద్దలందరికీ తానే వెళ్లి నివాళి అర్పిస్తున్నాడు. ఇప్పటిదాకా ఒక్క ఇల్లు తప్పలేదు. మత సామరస్యం మీద సదస్సులు పెట్టేవాళ్లు దయచేసి గమనించాలి.

చిన్న పొరపాట్లు జరగలేదని అనను. కృష్ణ స్వర్గీయ మామగారికి పెట్టుకుంటానంటే అనుమతించాను. సాయంత్రం పలకరింపుగా వెళ్తే, స్వర్గీయ మామగారు చౌటుప్పల్ బస్సు దిగి వచ్చి, తన ఫొటో పక్కనే చాప మీద కూర్చుని శనగలు నములుతున్నారు. "రా బిడ్డా, కూసో," అన్నారు నన్ను చూసి. పెద్దల మాట కాదనడం నా వల్ల కాదు.

ఇంత ఘనవిజయంలో, నిషేధం పూర్తిగా అమలైంది ఒక్కడి మీద. దశరథ మీద.

అతనికి మినహాయింపు దొరకలేదని కాదు, అడగలేదు. నేనే జాలిపడి, మీ నాన్న పేరు చెప్పుకోవయ్యా అని సూచించాను. "మా నాయిన కల్లు సుత ముట్టలే సార్. నా తాగుడుకు ఆయన పేరెందుకు ఖరాబు చెయ్యాలె," అన్నాడు. తాగుబోతుకు ఇంత పట్టింపా! మొత్తానికి సీతారాములు కొట్టు అతనికి మూతపడింది.

దాంతో అతను హైవే దాటి అవతలి వైన్‌షాపుకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఆరోగ్యరీత్యా చూస్తే ఇదీ మేలే. ఇంతకుముందు సందు చివర దాకా నడిచేవాడు, ఇప్పుడు చాలా దూరం నడుస్తున్నాడు. ఇంతకుముందు తిరుపతమ్మ మిషన్ దగ్గర్నుంచే కిటికీలోంచి చూసి, పడబోతుంటే వెళ్లి పట్టుకొచ్చేది. ఇప్పుడు కుట్టుపని ఆపి, చీకటి పడగానే డివైడర్ దగ్గర నిలబడుతోంది. ఓ సాయంత్రం ఆమె వెళ్లేసరికి ఆలస్యమైంది. లారీ రాసుకుంటూ పోయింది, అతని కాలు విరిగింది. ట్రాఫిక్ మా సంఘం పరిధిలోకి రాదని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మొన్న నిషేధం వార్షికోత్సవం చేశాం. గేటు మీద 'మద్యరహిత కాలనీ' అని ఆర్చి కట్టాం. ప్లాట్ల ధరలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఉద్యమ స్ఫూర్తిప్రదాత తిరుపతమ్మకు శాలువా కప్పి, నాలుగు మాటలు మాట్లాడమని మైకిచ్చాం. అదొక్కటే మా ఏర్పాట్లలో లోపం.

"పోయినేడు తోడుకు ఒక్క మొగమనిషి రాండ్రని అడిగిన, ఎవరూ రాలే," అంది. "ఇయ్యాల ఆయన కాలు విరిగి మంచంల ఉన్నడు. పొట్ట ఉబ్బింది. దవాఖానకు పోతా అని మళ్ల ఆయన నోటితోనే అంటున్నడు. పోయినోళ్లకైతే మీరు అడగంగనే పర్మిషన్ ఇస్తరు సార్, నాకు ఎరుకే. ఆ పర్మిషన్ కోసం మీ ఇంటికొచ్చే దినం నాకు రావద్దు. అందుకే గిప్పుడే అడుగుతున్న. రేపు పొద్దున నా ఎంబడి ఎవరొస్తరు?"

చక్రపాణి గారు ఎజెండా వైపు చూశారు. జాన్సన్ బిర్యానీ ప్యాకెట్ల దగ్గరికి వెళ్లాడు. ఆమె శాలువా మడత పెట్టి కుర్చీ మీద ఉంచి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మేం మనసు లేనివాళ్లం కాదు. కార్యవర్గం ఆ తర్వాత చాలాసేపు కూర్చుంది. దశరథ తాగకూడదనమంటే చిటికెలో తీర్మానిస్తాం. హైవే దాటకూడదనమంటే అదీ నిషేధిస్తాం. కానీ ఆమె అడిగినదాంట్లో నిషేధించడానికి ఏమీ లేదు. అలాంటిదానికి తీర్మానం ఎలా రాయాలో మాలో ఒక్కరికీ తెలియలేదు.